కిరీటం ఒక్క రాత్రిది... కొలువు ఏడాదిది

వేదిక మీదికి వచ్చినవాళ్లు 53 మంది. ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకున్నారు. పసుపుపచ్చ గౌనులో ఉన్నమ్మాయి న్యూయార్క్ తరఫున వచ్చిన నీనా దావులూరి. ఎదురుగా ఉన్నది కాలిఫోర్నియా అమ్మాయి క్రిస్టల్ లీ. ఇద్దరిలో ఎవరి పేరు పిలిచినా ఆసియా మూలాలున్న అమ్మాయే గెలుస్తుంది. మనం ఇక్కడ నిలబడటమే ఒక చరిత్ర అని ఆ క్షణంలో ఇద్దరం చెప్పుకున్నామని తర్వాత నీనా విలేకరులతో అంది.

2013 సెప్టెంబరు 15, ఆదివారం రాత్రి. అమెరికా తూర్పు తీరంలోని అట్లాంటిక్ సిటీ. సముద్రం వెంబడి మైళ్ల పొడవునా పరిచిన చెక్కబాట, దాన్ని ఆనుకుని 1929లో తెరిచిన బోర్డ్‌వాక్ హాల్. మైకులో 'న్యూయార్క్' అన్న మాట వినపడింది. ముందటి విజేత మలరీ హేగన్ వచ్చి కిరీటాన్ని నీనా జుట్టులో నిలబెట్టింది. మలరీదీ న్యూయార్కే. మిస్ అమెరికా పోటీ 1921లో మొదలైతే, భారతీయ మూలాలున్న అమ్మాయి గెలవడం అదే మొదటిసారి.

విజయవాడలో అప్పుడు సోమవారం ఉదయం, టిఫిన్ల వేళ. ఆరు వారాల పసిగుడ్డుగా వచ్చి రెండున్నరేళ్లు ఇక్కడే పెరిగిన పిల్ల అమెరికా అంతటికీ అందగత్తె అయిందని కబురు. బంధువుల ఇంటికి విలేకరులు చేరారు.

కిరీటం సరిగా కుదురుకోక ముందే రెండు దేశాలు ఆ అమ్మాయిని రెండు ప్రశ్నలు అడిగాయి. అమెరికా అడిగింది: అసలు నువ్వు మా పిల్లవేనా? ఇండియా అడిగింది: ఇంత చామనచాయ పిల్ల మన దగ్గరైతే గెలిచేదా?

ఆ తర్వాతి ఏడాదంతా నీనా ఉద్యోగం ఈ రెండింటికీ జవాబు చెప్పుకోవడమే.

రామప్ప మెట్ల దాకా వెళ్లిన రగడ

2013 నాటి ముచ్చట ఇప్పుడెందుకంటే, 2025 మే నెలంతా హైదరాబాద్‌లో అందాల పోటీల మాటే. 72వ మిస్ వరల్డ్ కోసం 108 దేశాల అమ్మాయిలు దిగారు. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజులు చూశారు, పోచంపల్లిలో మగ్గాలు చూశారు. రామప్ప గుడి దగ్గర స్థానిక మహిళలు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి తుడిచిన వీడియో బయటికొచ్చి రాష్ట్రమంతా దుమారం రేగింది. మధ్యలో మిస్ ఇంగ్లండ్ మిల్లా మగీ పోటీ వదిలేసి వెళ్లిపోయింది. డబ్బున్న స్పాన్సర్లను అలరించడానికి తమను బల్లల దగ్గర కూర్చోబెట్టారని ఇంటికెళ్లాక ఓ బ్రిటిష్ పత్రికకు చెప్పింది. నిర్వాహకులు అదేం లేదన్నారు, ప్రభుత్వం విచారణ జరిపిస్తామంది. మే 31న హైటెక్స్‌లో థాయిలాండ్ అమ్మాయి ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీ తల మీద కిరీటం మెరిసింది. మర్నాటికి పందిరి విప్పేశారు.

ఖర్చు ఎంత, లాభం ఎంత, ఈత దుస్తులు తప్పా ఒప్పా, ఆడవాళ్లను అంగడి సరుకు చేస్తున్నారా... అన్నీ మాట్లాడుకున్నాం. గెలిచిన పిల్ల మర్నాటి నుంచి ఏం పని చేస్తుందని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. కిరీటం ఫొటో తర్వాత ఆ అమ్మాయి మళ్లీ మన పత్రికల్లో కనపడేది ఏడాది తర్వాతే, అదే కిరీటం ఇంకొకరి నెత్తిన పెడుతూ. మధ్యలో పన్నెండు నెలలున్నాయి. వాటి సంగతి తెలుసుకోవాలంటే తెలుగువాళ్లకు దగ్గరి చుట్టంలా దొరికే మనిషి నీనా.

ఇక్కడో తికమక తీర్చాలి. మిస్ అమెరికా వేరు, మిస్ యూఎస్ఏ వేరు. మిస్ యూఎస్ఏ గెలిచినామె అక్కణ్నుంచి మిస్ యూనివర్స్‌కి వెళ్తుంది. మిస్ అమెరికాకి పైన ఇంకో మెట్టు లేదు. గెలిచినామెకు ప్రపంచ కిరీటం కోసం పోటీ ఉండదు, ఉన్నదల్లా ఏడాది పాటు ఊళ్లు తిరిగే పని. ఆ సంస్థ కూడా దీన్ని సేవ అనే పిలుస్తుంది.

బెజవాడ నుంచి సిరక్యూజ్ దాకా

నీనా 1989 ఏప్రిల్ 20న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో పుట్టింది. తండ్రి డాక్టరు. అమెరికాలో కుదురుకునే రోజుల్లో పసిపిల్లను ఇండియా పంపించి, కాస్త ఊపిరి తీసుకున్నాక వెళ్లి తెచ్చుకోవడం ఆ తరం తెలుగు డాక్టర్ల ఇళ్లలో కొత్తేమీ కాదు. నీనా విషయంలోనూ అదే జరిగింది. మాటలు వచ్చే వయసంతా విజయవాడలో గడిచింది. అమ్మమ్మ వేగె కోటేశ్వరమ్మ ఆ ఊళ్లో అందరూ ఎరిగిన చదువులమ్మ. 1955లో ఆమె మొదలుపెట్టిన మాంటిస్సోరి బడిలో ఎన్నో వేల మంది చదువుకున్నారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మనవరాలి కిరీటం వార్తకు పత్రికలవాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది, ఆడపిల్లలకు చదువు చెప్పడమే జీవితంగా బతికిన ఆవిడ దగ్గరికి. ఈ కథలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

తర్వాత ఓక్లహోమా, అక్కణ్నుంచి మిషిగన్‌లో సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊరు, చివరికి మళ్లీ సిరక్యూజ్. వేసవి సెలవుల్లో విజయవాడ వచ్చి కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునేది. పదహారు పదిహేడేళ్లప్పుడు మిషిగన్ తరఫున టీనేజీ అమ్మాయిల పోటీకి వెళ్లి జాతీయ స్థాయిలో మొదటి రన్నరప్ అయింది. ఆ పోటీల్లో వచ్చిన డబ్బు కాలేజీ చదువుకు తోడయింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడు, ప్రవర్తన, మేధకు సంబంధించిన శాస్త్రం చదివి 2011లో పట్టా తీసుకుంది. ఆ తర్వాత తండ్రిలాగే డాక్టర్ అవుదామనుకుంది.

ఆ సంవత్సరాల్లో ఇంకో సంగతి జరిగింది. తిన్నది కక్కేసే రోగం, ఇంగ్లిషులో బులీమియా అంటారే, దానితో తాను పోరాడానని నీనా తర్వాత దాచకుండా చెప్పింది. ఒళ్లు వచ్చింది, మళ్లీ దాదాపు పాతిక కిలోలు తగ్గింది. అందాల పోటీల వేదిక మీద నిలబడే పిల్ల ఈ మాట బయటికి అనడం తేలిక కాదు. ఆ వేదికే కొందరు ఆడపిల్లల్ని ఆ రోగంలోకి నెడుతుందన్న ఆరోపణ ఉంది కదా మరి.

2012లో మిస్ న్యూయార్క్ పోటీలో రెండో రన్నరప్. అప్పటి నిబంధన ప్రకారం మిస్ అమెరికాకు వయసు 24 దాటకూడదు. 2013 జులైలో స్టేటెన్ ఐలండ్‌లోని సెయింట్ జార్జ్ థియేటర్‌లో మళ్లీ నిలబడేనాటికి నీనాకు సరిగ్గా 24. ఈసారి తప్పితే మరో ఏడాది లేదు. మిస్ న్యూయార్క్ గెలిచి, రెండు నెలల్లో అట్లాంటిక్ సిటీకి వెళ్లింది.

> మార్కులు ఎలా వేస్తారు?
>
> నీనా పోటీపడిన రోజుల్లో తొలి వడపోతలో నూటికి 35 మార్కులు ప్రతిభకి. పాట, నాట్యం, వాద్యం ఏదైనా సరే. జడ్జీలతో తలుపులు మూసి జరిపే ఇంటర్వ్యూకి 25, సాయంకాలపు గౌనుకి 20, ఈత దుస్తులకి 15. వేదిక మీది ప్రశ్న-జవాబుకి 5.
>
> 2018లో ఈత దుస్తుల విభాగాన్ని తీసేశారు. 2019 డిసెంబరులో గెలిచిన కెమీల్ ష్రియర్ ప్రతిభ విభాగంలో చేసి చూపించింది రసాయన ప్రయోగం. గాజు పాత్రల్లోంచి రంగురంగుల నురగ ఎగజిమ్ముతుంటే ప్రయోగశాల కోటు వేసుకుని నిలబడి గెలిచింది.

చెప్పులు చూపించమ్మా!

అసలీ పోటీ పుట్టిందే వ్యాపారం కోసం. అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. అది దాటితే సముద్రపు ఊళ్లు ఖాళీ అవుతాయి. ఇంకో వారం జనాన్ని ఆపగలిగితే హోటళ్లకి నాలుగు డబ్బులొస్తాయని 1921లో అట్లాంటిక్ సిటీ వాళ్లు పన్నిన పథకం ఇది. మొదటి విజేత మార్గరెట్ గోర్మన్‌కి పదహారేళ్లు.

ఆ ఊరి సరదా ఒకటి చెప్పుకోవాలి. పోటీకి ముందు అమ్మాయిలను టాప్ లేని కార్లలో ఊరేగించేవారు. పూర్వం పైన ఖరీదైన గౌను, కింద హాయిగా ఇంట్లో వేసుకునే చెప్పులతో కూర్చునేవారట. మేడల మీంచి చూసేవాళ్లకు ఆ గుట్టు తెలిసిపోయి 'చెప్పులు చూపించమ్మా' అని అరవడం మొదలుపెట్టారు. రానురాను ఆ కేకే ఊరేగింపు పేరైంది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం అమ్మాయీ తన రాష్ట్రపు గుర్తులతో చెప్పుల్ని ముస్తాబు చేసుకుని కాలెత్తి చూపించేది.

పోటీ కొన్నేళ్లు లాస్ వెగాస్‌కి వెళ్లిపోయి 2013లోనే మళ్లీ సొంతూరికి వచ్చింది. ముందటి ఏడాది అక్టోబరులో శాండీ తుఫాను ఆ తీరాన్ని చిందరవందర చేసింది. అందుకే ఊరంతా పండగ చేసుకుంది. ఆ ఏడాది పోటీకి వచ్చినవాళ్లూ మామూలువాళ్లు కారు. కాన్సస్ అమ్మాయి థెరీసా వెయిల్ సైన్యంలో సార్జెంటు, ఒంటి మీది పచ్చబొట్లు దాచకుండా నడిచింది. అయోవా అమ్మాయి నికోల్ కెల్లీకి పుట్టుకతోనే ఎడమ ముంజేయి లేదు. నీనా కూచిపూడి, భరతనాట్యం అడుగులను హిందీ సినిమా పాటకి అల్లి ఆడింది. ఆ వేదిక అలాంటి నాట్యం చూడటం అదే మొదలు. మన నాట్యగురువులు ఆ కలగాపులగాన్ని మెచ్చుకుంటారో లేదో నాకు అనుమానమే. హాలు మాత్రం చప్పట్లు కొట్టింది.

ఇక ప్రశ్న. సరిగ్గా ఆ వారమే టీవీ వ్యాఖ్యాత జూలీ చెన్ ఓ పాత సంగతి బయటపెట్టింది. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఆమె చైనా కళ్లు టీవీకి పనికిరావన్నారట. కనురెప్పలకి శస్త్రచికిత్స చేయించుకుంది. దాని మీద నీ అభిప్రాయమేంటని నీనాను అడిగారు. శస్త్రచికిత్సలు తనకు ఇష్టం లేదంటూనే, మిస్ అమెరికా అంటే పక్కింటి పిల్ల అని, ఆ పక్కింటి పిల్ల పదేళ్ల కిందట ఉన్నట్టు ఇప్పుడు లేదని, ఇంకో పదేళ్లకు ఇంకోలా ఉంటుందని జవాబిచ్చింది. ఒక్క ప్రశ్నే. కానీ పుట్టుకతో వచ్చిన ముఖం మార్చుకోవాలా అన్న ఆ ప్రశ్న ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

తెల్లారేసరికి తిట్లు

కిరీటం పెట్టిన నిమిషాల్లోనే ట్విటర్ భగ్గుమంది. అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు, అల్ ఖైదా అన్నారు. ఇది అమెరికానా, ఇండియానా అన్నారు. భారతీయులు ఎక్కువగా నడిపే చిల్లర దుకాణాల పేరు పెట్టి 'మిస్ సెవెన్-ఎలెవన్' అన్నారు. సెప్టెంబరు 11 జ్ఞాపకాల దినం గడిచి నాలుగు రోజులే కావడం వాళ్లకి ఇంకో ఆయుధం. అసలైన అమెరికా విలువలకు ప్రతినిధి కాన్సస్ సార్జెంటే కదా అని దీర్ఘాలు తీసినవాళ్లూ ఉన్నారు.

తిట్టినవాళ్లలో చాలామందికి ఆమె ఏ దేశపు మూలాలదో, ఏ మతమో కూడా తెలియదు. ఎక్కడిదో తెలియకుండానే వెళ్లిపొమ్మన్నారు.

కొత్త మిస్ అమెరికా మర్నాడు పొద్దున అట్లాంటిక్ అలల్లో పాదాలు తడుపుకుంటూ ఫొటోలకు నిలబడటం అప్పట్లో ఆనవాయితీ. నీనా వెళ్లింది. నవ్వుతూ నీళ్లలో నిలబడింది. అప్పటికే విలేకరులు ఆ తిట్ల గురించి అడిగారు. తాను వాటికి అతీతంగా ఎదగాలని, తనను తాను ఎప్పుడూ ముందు అమెరికన్‌గానే అనుకున్నానని చెప్పింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, రాత్రంతా నిద్ర లేదు, ఒక్క మాట జారితే దేశమంతా పట్టుకుంటుంది. ఉద్యోగంలో మొదటి రోజు అది.

> న్యూయార్క్ నుంచి ముగ్గురు
>
> మిస్ అమెరికా నిబంధనల్లో ఏడోది ఒకటుండేది. పోటీదారు ఆరోగ్యంగా ఉండాలి, తెల్లజాతికి చెందినదై ఉండాలి అని దాని సారాంశం. 1950 ప్రాంతంలో దాన్ని ఎత్తేశారు. నల్లజాతి అమ్మాయి జాతీయ వేదిక ఎక్కడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1970లో అయోవా నుంచి వచ్చిన షెరిల్ బ్రౌన్ ఆ మొదటి అమ్మాయి.
>
> బెస్ మయర్సన్, 1945: గెలిచిన తొలి యూదు అమ్మాయి. పేరు వినగానే యూదులని తెలుస్తుంది, మార్చుకోమన్నారు. కుదరదంది. గెలిచాక కొందరు స్పాన్సర్లు మొహం చాటేశారు. దాంతో అందాల ఊరేగింపులు పక్కనపెట్టి, ద్వేషానికి వ్యతిరేకంగా బడులు తిరిగి ప్రసంగాలు చేసింది. చదువుకి డబ్బు బహుమతిగా ఇవ్వడం ఆమెతోనే మొదలైంది. అప్పట్లో 5 వేల డాలర్లు.
>
> వెనెసా విలియమ్స్, 1983: మొదటి నల్లజాతి విజేత. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ గెలిచింది. చంపేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. పాత నగ్న చిత్రాలను ఆమె అనుమతి లేకుండా ఓ పత్రిక వేయడంతో 1984 జులైలో కిరీటం వదులుకోవాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు గడిచాక, 2015లో, అదే వేదిక మీద సంస్థ పెద్ద ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.
>
> నీనా దావులూరి, 2013: పుట్టింది వెనెసా చదివిన ఊళ్లోనే.

'ఎర్రగా బుర్రగా' లేని పిల్ల

ఇప్పుడు మన వైపు చూద్దాం. సంబరాలు ఒక పక్క జరుగుతూనే ఉన్నాయి. బెజవాడ బిడ్డ, తెలుగు తేజం, అన్నీ అన్నాం. ఆ సంబరం మధ్యలోనే ఇండియాలో ఇంకో చర్చ మొదలైంది. ఇదే అమ్మాయి మిస్ ఇండియాకి దరఖాస్తు పెడితే మొదటి వడపోతలోనే పోయేదని కొందరు మొహమాటం లేకుండా రాశారు. మన సినిమా హీరోయిన్లను, ప్రకటనల్లో అమ్మాయిలను వరసగా చూపించి వీళ్లలో నీనా రంగు పిల్ల ఏదీ అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

మనకి తెలియని సంగతా ఇది? పిల్ల ఎలా ఉందంటే 'ఎర్రగా బుర్రగా' అన్నది మెప్పు. కాస్త రంగు తక్కువైతే 'చామనచాయ, కానీ కళగల మొహం' అంటాం. ఆ 'కానీ'లో ఉంటుంది అసలు సంగతి. కడుపుతో ఉన్న కోడలికి పాలల్లో కుంకుమపువ్వు కలిపి ఇచ్చేది దేనికో చెప్పక్కర్లేదు. పుట్టిన పిల్లకి సున్నిపిండి నలుగు, పెరిగే పిల్లకి ఎండలో ఆడొద్దని కేకలు, పెళ్లీడు వచ్చేసరికి సంబంధాల ప్రకటనలో 'తెల్లని' అన్న మాట. మా బంధువుల్లో ఒకావిడ పెళ్లిచూపులకి ముందు కూతురికి ఫొటో తీయించడానికి స్టూడియోకి వెళ్తూ, కాస్త లైటు ఎక్కువ పెట్టమని దారంతా మొగుడికి గుర్తు చేస్తూ వెళ్లడం నాకు బాగా గుర్తు. పిల్ల పక్కనే నడుస్తోంది. అన్నీ వింటోంది.

అమెరికా నీనాను గోధుమరంగు కాబట్టి పరాయిదంది. ఇండియా మన పిల్లేనని ఎత్తుకుంటూనే రంగు కాస్త తక్కువంది. మొదటిది తిట్టు కాబట్టి దానికి తిరగబడటం తేలిక. రెండోది ముద్దు చేస్తూ అన్న మాట. దానికి ఏమని జవాబు చెప్తారు? నీనా దాన్ని వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. కిరీటం తీసేశాక ఆమె ఎక్కువ కాలం చేసిన పని ఈ రంగు గోల మీదే.

సూట్‌కేసులే సంసారం

మిస్ అమెరికా నెలకి సుమారు 20 వేల మైళ్లు తిరుగుతుంది. అంటే నెల తిరక్కుండా భూగోళానికి ముప్పావు చుట్టు. ఒకటి రెండు రోజులకో ఊరు. పక్కన సంస్థ పంపిన తోడు మనిషి ఒకరు. కిరీటానికి సొంత పెట్టె. చాలా చోట్ల కిరీటం పెట్టుకోరు, దాని ఆకారంలో చిన్న పిన్ను గుచ్చుకుంటారు. పిల్లల ఆసుపత్రికి వెళ్తే మాత్రం అసలుది బయటికి తీయాల్సిందే. చూడకుండా పిల్లలు ఊరుకోరు.

1989 నుంచి పోటీకి వచ్చే ప్రతి అమ్మాయీ ఒక ఆశయాన్ని ముందే ఎంచుకోవాలి. గెలిస్తే ఏడాదంతా దాని గురించే మాట్లాడాలి. ఒకరి సంస్కృతిని ఒకరు తెలుసుకుని వైవిధ్యాన్ని పండగలా చూడటం నీనా ఎంచుకున్న ఆశయం. ఆ మాట ఎంచుకున్నప్పుడు అది ఏదో పోటీలో పనికొచ్చే నినాదంలాగే ఉండి ఉంటుంది. గెలిచిన రాత్రి వచ్చిన తిట్లు దాన్ని నిజం పని చేశాయి. ఇంత చక్కటి ఉదాహరణ ప్రతి బడికీ వెంట తీసుకెళ్లే అవకాశం ఎవరికి దొరుకుతుంది? దీనికి తోడు ఆడపిల్లలు సైన్సు, లెక్కలు, ఇంజినీరింగు చదవాలని అమెరికా విద్యాశాఖతో కలిసి ప్రచారం చేసింది. తెలుగింటి పిల్ల లెక్కలు చదవమని చెప్పడంలో మనకి కొత్తేమీ కనపడదు. అమెరికా ఊళ్లలో బడిపిల్లలకి మాత్రం కిరీటం పెట్టుకున్నామె వచ్చి మెదడు నిర్మాణం గురించి మాట్లాడటం వింతే.

2014 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రం యార్క్‌లో ఓ హైస్కూలుకి వెళ్లింది. ప్రసంగం అయ్యాక ప్రశ్నల వేళ ఓ కుర్రాడు లేచాడు. బడి చివరి ఏడాది పిల్లలకి ప్రామ్ అనే విందు-నాట్యం ఉంటుంది. దానికి నాతో వస్తారా అని మిస్ అమెరికాను అడిగేశాడు, ప్లాస్టిక్ పువ్వొకటి పట్టుకుని వేదిక దాకా వెళ్లాడు. హాలంతా ఈలలు. అడగొద్దని బడివాళ్లు ముందే హెచ్చరించారట. వినలేదని మూడు రోజుల శిక్ష వేశారు. దేశమంతా వార్త. నీనా ఏం చేసిందీ? ప్రయాణాల వల్ల రాలేకపోతున్నానని చెప్పి, ఆ శిక్ష మరోసారి ఆలోచించమని బడిని బహిరంగంగా కోరింది. వైవిధ్యం గురించి చెప్పిన నాలుగు మాటలూ ఆ వార్తలో కొట్టుకుపోయాయి, ప్లాస్టిక్ పువ్వొక్కటే మిగిలింది. కిరీటం ఉన్న మనిషి మాటకి జనం వస్తారు. వచ్చాక ఏం వింటారన్నది ఆమె చేతిలో ఉండదు.

ఈ కొలువుకి మొహం మొత్తి, పూర్తయిన మర్నాడే తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. 1966లో మిస్ వరల్డ్ గెలిచిన రీటా ఫారియా అప్పటికి బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదువుతున్న పిల్ల. లండన్‌కి తీసుకెళ్లిన బట్టల్లో అరువు తెచ్చుకున్నవే ఎక్కువ. గెలిచాక ఒప్పందం ప్రకారం ఏడాది తిరగాలి. ఆ తిరుగుడులో భాగంగా బాబ్ హోప్ బృందంతో వియత్నాం వెళ్లి అమెరికా సైనికుల ముందు నిలబడింది. మన ప్రభుత్వానికి అది రుచించలేదు. ఏడాది పూర్తవగానే సినిమా, మోడలింగ్ అన్నీ వద్దని వైద్యం చదువు మీదే మనసు పెట్టి, లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలోనూ చదివి డాక్టర్‌గా స్థిరపడింది. ఆసియా నుంచి గెలిచిన మొదటి మిస్ వరల్డ్, తెల్ల కోటు వేసుకుని రోగుల్ని చూస్తూ బతికింది.

డబ్బు సంగతి

నీనాకు వచ్చిన ఉపకారవేతనం 50 వేల డాలర్లు. ఏడాది పొడవునా ప్రసంగాలకు, కార్యక్రమాలకు వచ్చే రుసుము వేరే. చిన్న మొత్తం కాదు. కానీ అప్పట్లో సంస్థ చెప్పుకున్న పెద్ద అంకె ఇంకోటుంది. ఏటా నాలుగున్నర కోట్ల డాలర్ల విద్యాసాయం అందుబాటులో పెడుతున్నామని. నీనా కిరీటం దిగిన వారానికి, 2014 సెప్టెంబరులో, టీవీ హాస్యకారుడు జాన్ ఆలివర్ లెక్కలు తిరగేశాడు. ఏదైనా కాలేజీ పోటీదారులకు రాయితీ ఇస్తామంటే, అందులో ఎవరూ చేరకపోయినా, చేరగలిగిన అందరి పేరునా కలిపి లెక్క కడుతున్నారని తేల్చాడు. నిజంగా చేతికిచ్చింది ఆ అంకెకి చాలా దూరం. అయినా అమెరికాలో ఆడపిల్లల చదువులకే ప్రత్యేకించి ఇంత ఇచ్చే సంస్థ ఇంకోటి తనకు కనపడలేదని కూడా ఆయనే అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది.

మన హైదరాబాద్ పోటీల్లోనూ ఓ లెక్క ఉంది, అది డబ్బుది కాదు. ఓపల్ సుచాతకు పదహారేళ్లప్పుడు రొమ్ములో గడ్డ తీశారు. అది కేన్సర్ కాదు. అప్పటి నుంచి ఆడవాళ్లకు రొమ్ము కేన్సర్ మీద అవగాహన కలిగించే పని పెట్టుకుంది. మిస్ వరల్డ్ ఇలాంటి కథనే వెతుకుతుంది, ఎందుకంటే ఆ సంస్థ నినాదమే ప్రయోజనం ఉన్న అందం. కథ నిజమైనదే, బాధ నిజమైనదే. ఆ బాధను మార్కుల పట్టికలో చేర్చి తూచడం చూస్తే మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

కిరీటం దిగాక

2014 సెప్టెంబరు 14. అదే హాలు, అదే వేదిక. నీనా కిరీటం తీసి కీరా కజాంట్‌సెవ్ తల మీద పెట్టింది. ఆమెదీ న్యూయార్కే, వరసగా మూడోసారి. రెండు వారాలు తిరిగేసరికి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాని మోదీ సభకి నీనా వ్యాఖ్యాతగా నిలబడింది. అంతకుముందు ఏడాది 'అరబ్బు' అని తిట్టిన దేశంలోనే వేల మంది భారతీయుల ముందు మైకు పట్టుకుంది.

వైద్యం చదువు వెనక్కి వెళ్లిపోయింది. టీవీ కార్యక్రమాలు, ప్రసంగాలు, ఆ తర్వాత రంగు వివక్ష మీద 'కాంప్లెక్షన్' అనే డాక్యుమెంటరీ. 2020 వేసవిలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద ఉద్యమం చెలరేగినప్పుడు, తెల్లదనం అమ్మే క్రీములు ఆపేయాలని యూనిలీవర్ పెద్దకి బహిరంగ లేఖ రాసినవాళ్లలో నీనా ఒకరు. ఆ ఏడాది జూన్ నెలాఖరులో కంపెనీ తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేస్తున్నామంది. జులైలో 'గ్లో అండ్ లవ్లీ' వచ్చింది.

మా వీధి చివరి కిరాణా కొట్టులో కొత్త పేరుతోనే వేలాడుతోంది ఆ ట్యూబు. మొన్న నా ముందు నిలబడ్డ పిల్లకి పదమూడేళ్లుంటాయి, స్కూలు యూనిఫాంలో ఉంది. పాత పేరుతోనే అడిగింది. కొట్టాయన తలెత్తకుండా కొక్కెం నుంచి ఒకటి తీసి ఇచ్చాడు.